"మాయ" అనే పేరు – ఏ భాషలో ఏమర్థం?

#1 తంగేడు
మా చెల్లికి పాప పుట్టింది. "మాయ" అని పెడదామని వాళ్ళిద్దరూ అనుకుంటున్నారు. రెండక్షరాలు, ఏ దేశంవాళ్ళైనా నోరు తిరగలేదనకుండా పలుకుతారు, అదీ వాళ్ళ లెక్క. మా పెద్దమ్మ మాత్రం "పోయి పోయి మోసం అని పేరు పెడతారుటే?" అని ఒకటే గొడవ. సరే, అసలు సంగతేమిటో చూద్దామని పేర్ల సైట్లు తిరగేస్తే ఒకదాంట్లో "భ్రమ", ఇంకోదాంట్లో "నీళ్ళు", మరోదాంట్లో "తల్లి", నాలుగోదాంట్లో "గొప్పది". అన్నీ ఈ ఒక్క పేరుకే! ఇవన్నీ ఒకే మాట నుంచి వచ్చాయా, వేటికవే వేరా? తెలిసినవాళ్ళు కాస్త విప్పి చెప్పండి.

#2 అల్లిబిల్లి
బళ్ళో "మాయ మాయమైంది" జోకు మాత్రం తప్పదు, ముందే చెప్తున్నా. తెలుగులో ఈ మాట పాపం చెడ్డపేరు మూటగట్టుకుంది: మాయదారి, మాయలమారి, మాయమాటలు, మాయరోగం. అలాగని "మాయామర్మం తెలియని పిల్ల" అని మెచ్చుకునేదీ మనమే. ఆ పిల్ల పేరే మాయ అయితే అప్పుడేమంటారో మరి.

#3 పదశోధి
తంగేడు గారూ, మీ పెద్దమ్మగారు చెప్పిన అర్థం ఉన్నదే. కాకపోతే అది తర్వాత ఎక్కింది. ఋగ్వేదంలో మాయ అంటే అబ్బురమైన శక్తి, మామూలువాళ్ళకి చేతకాని నేర్పు. ఐదో మండలం 85వ సూక్తం వరుణుడి మీద. అందులో కవి "వరుణుడి గొప్ప మాయను చెబుతాను" అని మొదలెట్టి, ఆయన అంతరిక్షంలో నిలబడి సూర్యుణ్ణి కొలబద్దలా పట్టుకుని భూమిని కొలిచాడంటాడు. అక్కడ మోసం ఊసే లేదు. ఆ ఒక్క ఋక్కులోనే మాయ, కొలబద్ద (మానం), కొలిచాడు (మమే) మూడూ పక్కపక్కన వస్తాయి. మాయకి "మా" అనే ధాతువు మూలమని, అంటే కొలవడం, రూపమివ్వడం అని పాతవాళ్ళు చెప్పడానికి ఇలాంటి చోట్లే ఆధారం. పరిమాణం, మాత్ర, నిర్మాణం అన్నీ ఆ ధాతువు పిల్లలే. ఆరో మండలంలో "ఇంద్రో మాయాభిః పురురూప ఈయతే" అంటే ఇంద్రుడు తన మాయలతో అనేక రూపాలు ధరించి తిరుగుతాడని.

అయితే వేదంలోనే శత్రువులకీ మాయ ఉంది. దేవుడి చేతిలో ఉంటే మహిమ, రాక్షసుడి చేతిలో ఉంటే కనికట్టు. రామాయణానికొచ్చేసరికి మాయలేడి, ఇంద్రజిత్తు చంపినట్టు చూపించిన మాయాసీత. ఇక శంకరాచార్యుల అద్వైతం తర్వాత మాయ అనగానే జగత్తును ఉన్నట్టు చూపించే శక్తి. మన వాడుకలోకి చివరికి దిగింది ఈ చివరి రెండే.

పేరుగా అంటారా, బోలెడు దన్నుంది. లలితా సహస్రనామంలో "మహామాయా మహాసత్త్వా", దేవీమాహాత్మ్యంలో "విష్ణుమాయేతి శబ్దితా". "అయోధ్యా మథురా మాయా కాశీ కాంచీ అవంతికా" శ్లోకం నోటికొచ్చినవాళ్ళు ఇక్కడ చాలామందే ఉంటారు. అందులో మూడోది హరిద్వారం పాతపేరు. మోక్షమిచ్చే ఏడు ఊళ్ళలో ఒకదాని పేరు మోసం అని ఎవరూ పెట్టరు కదా. ఈ మాట మీ పెద్దమ్మగారి చెవిన వేయండి.

#4 మబ్బుతునక
"తల్లి", "గొప్పది" అన్నవి ఎక్కణ్ణించి వచ్చాయో నేను చెప్తా. అవి గ్రీకు, లాటిన్ల సొమ్ము.

గ్రీకు పురాణాల్లో "మైయా" అని ఒకామె. అట్లాస్ కూతురు, ఏడుగురు అక్కచెల్లెళ్ళలో పెద్దది, దేవదూత హెర్మీస్‌కి తల్లి. గ్రీకులో మైయా మామూలు మాట కూడా: హోమర్ కావ్యాల్లో ముసలి దాదిని ప్రేమగా అలా పిలుస్తారు. తర్వాతి కాలంలో మంత్రసాని అని స్థిరపడింది. సోక్రటీసు తల్లి మంత్రసాని. ఆమె బిడ్డను బయటికి తీసినట్టే తానూ ఎదుటివాడి మనసులో ఉన్న ఆలోచనను ప్రశ్నలతో బయటికి లాగుతానని ఆయన చెప్పుకున్నట్టు ప్లేటో రాశాడు. ఆ పద్ధతికి "మైయూటిక్" అనే పేరు వచ్చింది ఈ మాటలోంచే.

రోమన్లకీ మైయా అనే దేవత ఉంది. లాటిన్లో "మాయొర్" అంటే ఎక్కువ, పెద్ద. పెరుగుదలకు సంబంధించిన ఈమెను తర్వాత గ్రీకు మైయాతో కలిపేశారు. మే నెలకు ఆ పేరు ఈమె వల్లే వచ్చిందంటారు గానీ, కవి ఓవిడ్ నెలల మీద రాసిన కావ్యంలో ముగ్గురు కళాదేవతల చేత మూడు కారణాలు చెప్పించాడు: మహిమకు అధిదేవత వల్లనని ఒకరు, పెద్దల వల్లనని ఒకరు, మైయా వల్లనని ఇంకొకరు. తీర్పు మాత్రం ఇవ్వలేదు. రెండు వేల ఏళ్ళ కిందటి రోమన్ కవికే తేలని విషయాన్ని పేర్ల సైట్లు ఒక్క ముక్కలో తేల్చేస్తున్నాయి, అదీ వాటి ధైర్యం.

ఇంకొకటి, ఇది నాకు భలే ఇష్టం. ఆ ఏడుగురు అక్కచెల్లెళ్ళు ఆకాశంలో మనం కృత్తికలు అనే గుంపు. అందులో ఒక చుక్క పేరు ఇప్పటికీ మైయానే, మామూలు కంటికే కనిపిస్తుంది. మన కృత్తికలు కుమారస్వామికి పాలిచ్చి పెంచారు. గ్రీకు కథలో కల్లిస్టో కొడుకు ఆర్కాస్‌ను హెర్మీస్ తెచ్చి పెంచమని ఇచ్చింది ఈ మైయాకే. ఒకే చుక్కల గుంపు, రెండు చోట్లా పెంపుడు తల్లులు!

#5 గిత్త
నేను పశువైద్యుణ్ణి. ఇంతమంది మాట్లాడారు, అసలు మాయను ఎవరూ తలుచుకోలేదు. గేదె ఈనాక మొదట వచ్చే ప్రశ్న "మాయ పడిందా?" అనే. బిడ్డతోపాటు కడుపులో పెరిగి కాన్పయ్యాక బయటికొచ్చేది మాయ. మనుషులకైనా అంతే, "మాయ కిందికుంది, జాగ్రత్త" అని డాక్టరు అంటే దాని గురించే. పుస్తకాల్లో జరాయువు అంటారు గానీ, ఆ మాటతో పిలిస్తే నా దగ్గరికొచ్చే రైతు ఒక్కడూ పలకడు. గ్రీకులో మంత్రసాని మైయా అట, తెలుగులో మంత్రసాని చూడాల్సింది మాయ. ఇది ఊరికే కుదిరిందంటే నేను నమ్మను.

#6 అల్లిబిల్లి
పాప పేరు చెప్పగానే వినేవాళ్ళకి ఇదే గుర్తొస్తుందేమో అని ఇప్పుడు నాకు భయం పట్టుకుంది. గిత్త గారూ, ధన్యవాదాలు (అనాలా వద్దా?).

#7 పదశోధి
గిత్త గారూ, మీరిచ్చిన అర్థం బంగారం, ఏ పేర్ల సైట్లోనూ ఉండదు. సంబంధం ఉందంటే మాత్రం ఒప్పుకోను. రెండు భాషల్లో రెండు మాటలు ఒకేలా వినిపిస్తే నేనడిగేది ఒక్కటే: దారి చూపించండి. ఎవరు, ఎప్పుడు, ఏ తోవలో మోసుకొచ్చారు? దారి లేకపోతే అది కాకతాళీయం.

ఇలాంటి పొట్టి మాటలకి కాకతాళీయం మరీ ఎక్కువ. మ, ఆ, య ప్రపంచంలో ఎక్కువ భాషల్లో ఉన్న ధ్వనులు. పెదాలు మూసి తెరిస్తే "మా" వచ్చేస్తుంది. పసిపిల్లల నోట మొదట వచ్చేవాటిలో అదొకటి కాబట్టి అమ్మ, దాది, అవ్వ అనే మాటల్లో "మ" చాలా భాషల్లో దూరుతుంది. దీని మీద రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త వ్యాసం 1960లో అచ్చయింది. గ్రీకు మైయా కూడా అలాంటి పసిమాటలోంచి పుట్టిందే అంటారు.

మీకు ఇంకో ఉదాహరణ ఇస్తా, దీన్నిబట్టి కాకతాళీయం ఎంత దూరం పోతుందో చూడండి. ఈజిప్టులో టూటన్‌ఖామున్‌కు పాలిచ్చిన దాది సమాధి 1996లో సక్కారాలో దొరికింది. చిన్న ఫరోను (ఈజిప్టు రాజును) ఆమె ఒళ్ళో కూర్చోబెట్టుకున్నట్టు గోడ మీద చెక్కారు. ఆమె పేరు మైయా! దాది పేరే దాది అని అరవబుద్ధేస్తుంది. కానీ ఈజిప్టు లిపిలో అచ్చులు రాయరు. మనం "మైయా" అని చదువుతున్నది పండితులు ఒప్పుకున్న పలుకుబడి, ఆమెను అప్పట్లో వాళ్ళు పిలిచిన పిలుపు అచ్చం అదే కానక్కర్లేదు.

#8 మయవాస్తు
అందరూ అసలైనదాన్ని వదిలేసి కొసరు పట్టుకున్నారు. మధ్య అమెరికా మాయన్లు ఎవరనుకుంటున్నారు? మయుడి సంతతి. మయసభ కట్టింది మయుడు, వాళ్ళు కట్టినవి పిరమిడ్లు. సూర్యసిద్ధాంతం సూర్యుడి నుంచి మయాసురుడికి అందిన శాస్త్రం, మాయన్లు ఖగోళంలో దిట్టలు. మన కలియుగం మొదలు క్రీ.పూ. 3102, వాళ్ళ కాలచక్రం మొదలు క్రీ.పూ. 3114. తేడా 12 ఏళ్ళ లోపు. దారి చూపించమన్నారుగా, ఇదిగో.

#9 లెక్కలపంతులు
మయవాస్తు గారు తారీఖులు సరిగ్గానే ఇచ్చారు, కాబట్టి తారీఖులతోనే మాట్లాడదాం.

ఈ రెండూ ఎవరో ఆ రోజు కళ్ళారా చూసి రాసిపెట్టుకున్నవి కావు. వెనక్కి లెక్కగట్టి తేల్చినవి. ఆర్యభటుడు తనకు 23 ఏళ్ళు వచ్చేసరికి కలియుగంలో 3600 ఏళ్ళు గడిచాయని రాశాడు. అది క్రీ.శ. 499. కలి ఆరంభంలో గ్రహాలన్నీ ఒకచోట చేరి ఉండాలనేది ఆ లెక్కకి పునాది. మధ్య అమెరికా దీర్ఘగణనలో (మొదలు తేదీ నుంచి రోజులు వరసగా లెక్కపెట్టే పద్ధతిలో) చెక్కిన తేదీలు దొరికేది క్రీ.పూ. మొదటి శతాబ్దం నుంచి. అంటే మొదలుపెట్టామన్న రోజుకూ మొదటి రాతకూ మధ్య మూడు వేల ఏళ్ళు.

లెక్క లోపలికి వెళ్తే పోలిక ఇంకా చెడుతుంది. మనది పదుల లెక్క, వాళ్ళది ఇరవైల లెక్క. వాళ్ళకి 260 రోజుల పవిత్ర చక్రం ఒకటి, 365 రోజుల ఏడాది ఒకటి, రెండూ పళ్ళచక్రాల్లా కలిసి తిరుగుతాయి. మనకి తిథులు, 27 నక్షత్రాలు, అధికమాసం. సూర్యసిద్ధాంతంలో జ్యాపట్టిక (సైన్ విలువల పట్టిక) ఉంది, వాళ్ళ దగ్గర అలాంటిది లేదు. కలియుగం 4,32,000 ఏళ్ళు, వాళ్ళ పెద్దచక్రం సుమారు 5,125 ఏళ్ళు. 2012 డిసెంబరు 21న ప్రపంచం అంతమని టీవీలవాళ్ళు ఊదరగొట్టింది ఆ చక్రం తిరగడాన్నే. నేర్పినవాడొకడే అయితే మొదలు తేదీ ఒక్కటీ దాదాపుగా నేర్పి, తక్కినదంతా వేరుగా నేర్పాడా?

#10 పదశోధి
లెక్కలపంతులు గారు లెక్క చూసుకున్నారు, పేరు సంగతి నేను చెప్తా. "మాయన్లు" తమని తాము ప్రాచీనకాలంలో ఆ పేరుతో పిలుచుకోలేదు. వాళ్ళు ఒకే జాతి కూడా కారు. ఇప్పటికీ ఆ కుటుంబంలో 30 దాకా భాషలున్నాయి. గ్వాటెమాలా కొండల్లోవాళ్ళు కిచే, కక్చికెల్, ఇలా ఎవరి పేరు వాళ్ళది. 1502లో కొలంబస్ నాలుగో ప్రయాణంలో హోండురాస్ తీరాన సరుకుల పడవ ఒకటి ఎదురైతే, ఆ సందర్భంలో ఇలాంటి పేరు మొదటిసారి యూరప్‌వాళ్ళ రాతల్లోకి ఎక్కింది. యుకటాన్‌లో మాయపాన్ అనే నగరం ఉండేది, ఆ ప్రాంతపు మాటకు ఇప్పటికీ "మాయ" భాష అనే పేరు. ఒక మూలనున్న ఆ పేరును మొత్తం ఆలయాలు, పిరమిడ్లు కట్టినవాళ్ళందరికీ తగిలించింది తర్వాతి పరిశోధకులు. పిరమిడ్లు కట్టినవాడి నోట లేని పేరుతో చుట్టరికం కలపడం ఎలా?

పైగా మయుడు వేరు, మాయ వేరు. ఆయనది హ్రస్వం. మయసభ అంటాం, మాయసభ అనం.

#11 మయవాస్తు
తెల్లవాడు రాస్తే పరిశోధన, మనం చెబితే పుక్కిటి పురాణం. అంతేలెండి.

#12 నిర్వాహకుడు
మయుడు–మాయన్ల చర్చ విడిగా దారం తెరిచి చేసుకోండి. ఇక్కడ పేరు గురించే.

#13 తూర్పుగాలి
దారి ఉన్న మాయ ఒకటుంది, అదెవరూ చెప్పలేదు: బుద్ధుడి తల్లి మాయాదేవి. నేపాల్‌లోని లుంబినిలో, అశోకుడి స్తంభం పక్కనే, ఆమె పేరుతో గుడి ఉంది. 1997లో లుంబినిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. బౌద్ధం వెళ్ళిన ప్రతిచోటికీ ఈ తల్లి పేరు వెళ్ళింది. చైనాలో "మొయె" అయింది. అవే రెండు చీనీ అక్షరాలను జపాన్‌వాళ్ళు మళ్ళీ "మాయ" అని చదువుతారు. కోబె నగరం వెనక మాయ పర్వతం ఉంది, అక్కడి ఆలయంలో మాయాదేవిని కొలుస్తారు, కొండకి ఆ పేరు అందుకే. ఆ కొండ పేరు రెండో ప్రపంచయుద్ధంలో పోరాడిన జపాన్ యుద్ధనౌకకు పెట్టారు. 2020లో నౌకాదళంలో చేరిన కొత్త నౌక పేరూ మాయానే. సంస్కృతం మాట చీనీ అక్షరాల్లో దూరి, కొండెక్కి, అక్కణ్ణించి క్షిపణులు మోసే ఓడ మీదికి దిగింది. పదశోధి గారూ, దారి సరిపోయిందా?

చీనీవాళ్ళు మధ్య అమెరికా మాయకి వేరే అక్షరాలు వాడతారు, "మాయా" అని చదువుతారు. రెండూ ఒకటనే పొరపాటుకు వాళ్ళ లిపిలో అవకాశమే లేదు.

ఇండోనేషియాలో ఇంకా తమాషా. సంస్కృతం నుంచి వెళ్ళిన ఈ మాటను అక్కడ కంప్యూటర్ యుగానికి వాడుకున్నారు. "దునియా మాయా" అంటే ఇంటర్నెట్ ప్రపంచం. దునియా అరబ్బీ, మాయ సంస్కృతం. మనం "అంతర్జాలం" అని కుస్తీపడుతుంటే వాళ్ళు ఎంత సులువుగా తేల్చేశారో!

#14 పదశోధి
సరిపోవడమేమిటి, ఇదే నేనడిగింది. ప్రతి మెట్టూ కనిపిస్తోంది.

#15 చలిమంట
రష్యన్లకీ మాయ ఉంది. సోవియట్ కాలంలో ఈ పేరు బాగా పెట్టారు, ఎందుకంటే మే నెలను రష్యన్‌లో "మాయ్" అంటారు, మే 1 కార్మికుల పండుగ. పాత దేవత పేరు కొత్త పార్టీ జెండా కింద నిలబడింది. అందరూ మేలో పుట్టినవాళ్ళే అనుకోకండి. బాలే నర్తకి మాయా ప్లిసెట్స్కాయా పుట్టింది 1925 నవంబరులో.

జర్మనీ, స్వీడన్ వైపు మాయ అంటే చాలాసార్లు మరియకు ముద్దుపేరు, మన వెంకటలక్ష్మి వెంకీ అయినట్టు. అదీ గ్రీకుతో సంబంధం లేని దారి.

#16 మబ్బుతునక
అమెరికా కవయిత్రి మాయా ఏంజెలోది మరీ చిత్రం. 1928లో పుట్టినప్పుడు పెట్టిన పేరు మార్గరీట్. "నా చెల్లి" అని ఇంగ్లీషులో చెప్పబోయి అన్న పలికిన పలుకే మాయా అయి నిలిచిపోయింది. అక్కడ సంస్కృతమూ లేదు, గ్రీకూ లేదు. ఇంట్లో పిల్లాడి నాలుక, అంతే.

#17 తంగేడు
అబ్బో! ఇంత వస్తుందనుకోలేదు. "నీళ్ళు" మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అలాగే ఒక సందేహం: ఇంగ్లీషులో రాసేటప్పుడు మధ్యలో వై, ఐ, జె మూడూ కనిపిస్తున్నాయి. మా చెల్లి అన్నిచోట్లా చెల్లేది ఏదని అడుగుతోంది.

#18 ఒయాసిస్సు
నీళ్ళు హీబ్రూ నుంచి. అక్కడ నీళ్ళను "మాయిమ్" అంటారు, ఆ పోలికతో మాయను నీటి పేరుగా చెప్పుకుంటారు. ఇజ్రాయెల్‌లో ఆడపిల్లలకు బాగా పెట్టే పేరు. అయితే హీబ్రూ బైబిల్లో మాయ అనే ఆడమనిషి లేదు. పేరు బయటినుంచి వచ్చాక ఇంట్లో అర్థం దొరికింది, అలా అనుకుంటే దగ్గరగా ఉంటుంది. అరబ్బీలో "మయ్య" అనే పాత పేరుంది, ధుర్రుమ్మా అనే 8వ శతాబ్దపు కవి ప్రేయసి ఆమె. అతని ఎడారి కవిత్వం చాలావరకు ఆమె వదిలివెళ్ళిన గుడారాల జాడల చుట్టూ తిరుగుతుంది. వినడానికి దగ్గరే గానీ ఆ పేరు వేరు.

స్పెల్లింగు సంగతి: వైతో రాస్తే సుమారుగా అన్నిచోట్లా మాయానే. జెతో రాస్తే జర్మన్, స్వీడిష్, పోలిష్ వాళ్ళు మాయ అంటారు, స్పానిష్‌వాళ్ళు "మాహా" అంటారు, ఇంగ్లీషువాళ్ళు "మాజా" అని కూల్‌డ్రింకు చేసేస్తారు. స్పానిష్‌లో మాహా అంటే పాతకాలపు మాడ్రిడ్ వీధుల్లో సోకుగా తయారై తిరిగే ఆడమనిషి. గోయా గీసిన రెండు ప్రసిద్ధ చిత్రాలు అలాంటామెవే, ఒకదాంట్లో ఒంటిమీద బట్టల్లేవు. స్పెయిన్‌లో ఉద్యోగం చేసేటప్పుడు ఈ వివరం తెలిసి ఉండటం మంచిది. వైతో రాయించండి.

#19 అల్లిబిల్లి
ఊరికే ఏరుకొచ్చినవి, ఎవరూ చుట్టరికాలు కలపొద్దు: ఎస్టోనియాలో "మాయా" అంటే ఇల్లు. పక్కనున్న లాత్వియాలోనూ ఇల్లే. న్యూజిలాండ్ మావొరీ భాషలో "మాయియా" అంటే ధైర్యవంతులు. ఫిలిప్పీన్స్‌లో మాయ అంటే పిచుకలాంటి చిన్న పిట్ట, 1995లో గద్దకి ఆ హోదా ఇచ్చేదాకా అదే జాతీయపక్షిగా చెలామణీ అయింది. నాకైతే పిట్టే నచ్చింది.

#20 గిత్త
పిట్ట కంటే మాయే నయం. మాయ లేకుండా పుట్టిన పిల్ల ఎక్కడైనా ఉందా?

#21 బొమ్మలకొలువు
నేను యానిమేషన్ చేస్తాను, మాకు మాయ అంటే రోజూ తెరిచే సాఫ్ట్‌వేర్. 1998లో వచ్చింది, సంస్కృతం మాట చూసే పెట్టారు. లేని బొమ్మకి లెక్కలతో కొలతలిచ్చి ఉన్నట్టు చూపించడమే దాని పని. పదశోధి గారు చెప్పిన వరుణుడి కొలబద్ద అర్థం, మీ పెద్దమ్మగారి కనికట్టు అర్థం రెండూ అందులో ఇమిడిపోయాయి. తెరిచేటప్పుడు సగంసార్లు అదే మాయమైపోతుందనుకోండి, అది వేరే గొడవ.

#22 తంగేడు
పెద్దమ్మకు సప్తపురుల శ్లోకం వినిపించాం. "హరిద్వారమైతే సరే" అంది. కానీ ఇప్పుడు మా మరిది కొత్త పేచీ పెట్టాడు. మగపిల్లాడు పుట్టి ఉంటే ఈ పేరు పెట్టేవాళ్ళా, ఇది ఆడవాళ్ళ పేరేనా అని. ఎవరికైనా తెలుసా?

#23 పదశోధి
ఉన్నాడండీ. టూటన్‌ఖామున్ కోశాధికారి పేరు మాయ, నిక్షేపంలాంటి మగవాడు. ఆయన సమాధి కూడా సక్కారాలోనే, దాది మైయాది దొరకడానికి పదేళ్ళ ముందు 1986లో మళ్ళీ బయటపడింది. ఖజానా తాళాలు ఆయన చేతిలో ఉండేవి. మీ మరిదికి ఆ సంగతి చెప్పండి.